ఇయర్‌బడ్స్‌లో ఎడమది ముందే ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మాది మంచిర్యాల. పెళ్లయ్యాక బల్లార్షా వచ్చాను. మా ఆయన బొగ్గు గనిలో చేస్తారు. నేను చాందా (చంద్రపూర్)లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తూ ప్రభుత్వ ఉద్యోగ పరీక్షకు చదువుకుంటున్నాను. 16 నెలల కింద కాగజ్‌నగర్‌లో రెండు వేలు పెట్టి ఇయర్‌బడ్స్ కొన్నాను. డబ్బా మీద 40 గంటలు అని ఉంది. కొత్తలో ఒక్కసారి పెట్టుకుంటే ఆరు గంటలు వచ్చేవి. ఇప్పుడు కుడిది మూడు గంటలు, ఎడమది గంటంబావు వస్తోంది. ల్యాబ్‌లో పెట్టుకోనివ్వరు కాబట్టి పగలంతా స్కూటీ డిక్కీలోనే ఉంటాయి. సాయంత్రం వంట చేస్తూ ఎడమదొక్కటే పెట్టుకుని అమ్మతో గంటసేపు మాట్లాడతాను. రాత్రి రెండు గంటలు పాఠాలు వింటాను. పడుకునే ముందు కేస్‌ను సెట్‌టాప్ బాక్స్ మీద ఛార్జింగ్ పెడతాను. మా మరిది ఫోన్‌ది 67 వాట్ల ఛార్జర్, అదే వాడుతున్నాను. దానివల్లే పాడయ్యాయని ఇంట్లో అంటున్నారు. దుకాణంలో అడిగితే వీటికి బ్యాటరీ మార్చడం కుదరదు, కొత్తవి కొనుక్కోమన్నారు. నిజమేనా? ఇవి పేలతాయని కూడా భయంగా ఉంది.

జవాబు: ముందు ఛార్జర్ సంగతి తేల్చేద్దాం, ఇంట్లో మీకు మాట వస్తున్నది దానివల్లే కాబట్టి. 67 వాట్ల ఛార్జర్ మీ బడ్స్‌ని పాడుచేయలేదు. ఆ వాట్లు ఛార్జర్ ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి మాత్రమే. ఎంత తీసుకోవాలో నిర్ణయించుకునేది ఎదుటి వస్తువు. ఫోన్ వేగంగా ఛార్జ్ అవ్వాలంటే ఫోనూ ఛార్జరూ ముందు సంకేతాలు పంపుకుని, ఎన్ని వోల్టులు ఇవ్వాలో ఒప్పుకుంటాయి. మీ కేస్ అలాంటి సంకేతమేదీ పంపదు. అందుకని ఛార్జర్ మామూలు 5 వోల్టుల దగ్గరే ఉంటుంది, అందులోంచి కేస్ తనకు కావలసిన కొద్దిపాటి కరెంటు తీసుకుంటుంది. ఈ విషయం ఇంట్లో ధైర్యంగా చెప్పండి.

ఛార్జర్ దగ్గర గమనించాల్సింది వేరే ఉంది. తక్కువ ధర కేసుల్లో కొన్ని రెండు వైపులా టైప్‌-సి ఉన్న కేబుల్‌తో అసలు ఛార్జ్ కావు. అటు ఛార్జర్‌కు తాను ఉన్నానని తెలియజేసే చిన్న రెసిస్టర్లు వాటిలో పెట్టరు. ఒకవైపు పాత వెడల్పు యూఎస్‌బీ, ఇంకోవైపు టైప్‌-సి ఉన్న కేబుల్ పెడితే అదే కేస్ చక్కగా ఛార్జ్ అవుతుంది. ఎప్పుడైనా ఛార్జింగ్ ఎక్కడం లేదనిపిస్తే దుకాణానికి వెళ్లే ముందు కేబుల్ మార్చి చూడండి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో మీరు ఏ ప్రాముఖ్యమూ ఇవ్వకుండా రాసిన మాట ఒకటుంది: పగలంతా స్కూటీ డిక్కీలో. నా లెక్కలో ప్రధాన కారణం అదే.

మీ ఒక్కో బడ్‌లో ఉండేది చిటికెన వేలి గోరంత లిథియం అయాన్ బ్యాటరీ. ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ ఉంటే బడ్‌లో సాధారణంగా 30 నుంచి 60 ఎంఏహెచ్ వరకే ఉంటుంది. కేస్‌లో 300 నుంచి 600 దాకా ఉంటుంది. అంత చిన్నదానిలో కొంచెం అరిగినా వెంటనే తెలిసిపోతుంది. ఫోన్ బ్యాటరీ పదో వంతు తగ్గితే మనం గమనించం, బడ్‌లో అదే పదో వంతు పోతే పాఠం చివర్లో ఆగిపోతుంది.

లిథియం బ్యాటరీ వాడకపోయినా అరుగుతుంది. లోపల ఎప్పుడూ చిన్న చిన్న రసాయన చర్యలు జరుగుతూనే ఉంటాయి, అవి కొంచెం కొంచెంగా పనికొచ్చే లిథియంను తినేస్తాయి. ఈ చర్యలకు వేగం పెంచేవి రెండు: వేడి, నిండు ఛార్జ్. చలికాలంలో పొద్దున కాచిన పాలు సాయంత్రం దాకా నిలుస్తాయి, అవే పాలు మే నెలలో మధ్యాహ్నానికే విరుగుతాయి. ఇక్కడ జరిగేదీ అలాంటిదే. బ్యాటరీల గురించి తరచుగా చెప్పే ఒక లెక్క చూడండి. పూర్తి ఛార్జ్‌తో 25 డిగ్రీల్లో ఏడాది ఉంచిన లిథియం అయాన్ బ్యాటరీకి తన సామర్థ్యంలో సుమారు 80 శాతం మిగులుతుంది. 40 డిగ్రీల్లో ఉంచితే 65 శాతమే. 60 డిగ్రీల్లో అయితే మూడు నెలలకే 60 శాతానికి పడిపోతుంది. అదే 40 శాతం ఛార్జ్‌తో 40 డిగ్రీల్లో ఉంచితే ఏడాదికి 85 శాతం మిగులుతుంది. ఇలా పోయినది మళ్లీ ఛార్జ్ చేస్తే తిరిగి రాదు, శాశ్వతంగా పోయినట్టే.

ఇప్పుడు మన చాందా ఎండ సంగతి మీకు చెప్పాలా? మే నెలలో 45 దాటడం ఇక్కడ మామూలు. అది నీడలో కొలిచే లెక్క. ఎండలో నిలబెట్టిన బండి సీటు కింద, గాలి ఆడని ప్లాస్టిక్ పెట్టెలో ఇంకా ఎక్కువ ఉంటుంది. పైగా పెట్రోలు స్కూటీల్లో చాలావాటికి డిక్కీ కింద ఇంజను ఉంటుంది, బండి ఆపాక కూడా చాలాసేపు ఆ వేడి పైకే కొడుతుంది. ఆపిల్ కంపెనీ తన ఎయిర్‌పాడ్స్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడమని, 45 డిగ్రీలకు మించిన చోట దాచవద్దని రాస్తుంది. రెండు వేల బడ్స్ అయినా ఇరవై వేల బడ్స్ అయినా లోపల ఉన్న రసాయనం ఒకటే. మీవి పోయిన వేసవి మొత్తం ఆ హద్దు దాటిన చోట గడిపాయి.

దీనికి తోడు బడ్స్‌కు ఫోన్‌కు లేని ఇబ్బంది ఒకటుంది. ఫోన్ ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపుకోవచ్చు. బడ్స్‌ను కేస్‌లో పెట్టిన మరుక్షణం కేస్ వాటిని 100కు నింపేస్తుంది, చాలా మోడల్స్‌లో దాన్ని ఆపే మార్గం లేదు. అంటే అవి తమ జీవితంలో ఎక్కువ భాగం నిండు ఛార్జ్‌తోనే గడుపుతాయి. "20 నుంచి 80 మధ్య ఉంచండి" అని ఫోన్లకు చెప్పే సలహా ఇక్కడ పెద్దగా పనికిరాదు. నిండు ఛార్జ్ మన చేతిలో లేదు, వేడి మాత్రం మన చేతిలో ఉంది. అందుకే ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు అని చూడటం కన్నా కేస్ ఎక్కడ పెడుతున్నామో చూసుకోవడం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి రేపటి నుంచి కేస్ డిక్కీలో వద్దు. చెవిలో పెట్టుకోనివ్వకపోయినా, మీ హ్యాండ్‌బ్యాగ్‌లో లోపలికి తీసుకెళ్లవచ్చు కదా. అదీ కుదరకపోతే ఇంట్లోనే వదిలి వెళ్లండి, పగలు వాటితో మీకు పని లేదు. రాత్రి సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టడం కూడా మానండి. ఆ పెట్టె ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది, దాని మీద కేస్ పెడితే రాత్రంతా వేడి తగులుతూ ఉంటుంది. వైఫై రౌటర్ మీద, ఫ్రిజ్ మీద పెట్టినా అంతే. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంటే ఎక్కువ నిండిపోతుందేమో అన్న టెన్షన్ అక్కర్లేదు, నిండగానే లోపలి సర్క్యూట్ ఆపేస్తుంది. అయినా వేసవిలో తెల్లవారుజామున లేచాక పెట్టడం మేలు, రోజు మొత్తంలో చల్లగా ఉండేది ఆ సమయమే. ఎండలోంచి వచ్చాక కేస్ చేతికి వెచ్చగా తగిలితే కాసేపు చల్లారనిచ్చి పెట్టండి. రోజూ ఛార్జింగ్ పెట్టాల్సిన పని కూడా లేదు, కేస్ 20, 30 శాతానికి వచ్చాక పెడితే చాలు.

కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంక్‌తో పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కేస్ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు తమకు ఏమీ తగిలించలేదనుకుని మధ్యలోనే ఆగిపోతాయి. కొన్నిటిలో బటన్ రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంటు మోడ్ వస్తుంది. దాన్ని వాడండి.

ఇంతవరకు చెప్పింది రెండు బడ్స్‌కూ వర్తించేది. ఆరు గంటలు వచ్చేది కుడివైపు మూడుకు ఎలా పడిపోయిందో దానితో అర్థమవుతుంది. మరి ఎడమది గంటంబావుకే ఎందుకు ఆగుతోంది?

ఒక కారణం మీరే రాశారు. అమ్మతో మాట్లాడేటప్పుడు ఎడమదొక్కటే పెట్టుకుంటారు. లిథియం బ్యాటరీ వయసును ఛార్జ్ సైకిళ్లలో లెక్కిస్తారు. 100 శాతం వాడితే ఒక సైకిల్, ఇవాళ సగం రేపు సగం వాడినా కలిపి ఒకటే. ఇలాంటి చిన్న బ్యాటరీలు 300 నుంచి 500 సైకిళ్లకు 80 శాతం సామర్థ్యానికి వస్తాయి. మీ కుడి బడ్ రోజుకు రెండు గంటలు పనిచేస్తే అది ఆరు గంటల్లో మూడో వంతు, 16 నెలలకు 160 సైకిళ్ల దగ్గర ఉంటుంది. ఎడమది మూడు గంటలు, అంటే 240. ఆ అదనపు గంట కూడా ఫోన్ మాట్లాడే గంట. కాల్‌లో మైక్ పనిచేయాలి, చుట్టూ ఉన్న మోత తీసేయాలి, మాట తిరిగి పంపాలి. పాట వినడం కన్నా బ్యాటరీ ఎక్కువ తాగుతుంది. అందుకే అదే ఆరు గంటల బడ్ కాల్స్‌లో నాలుగైనా రాకపోవచ్చు. ఇకనుంచి ఒకరోజు ఎడమది, ఒకరోజు కుడిది పెట్టుకుని మాట్లాడండి.

అయినా ఈ తేడా మొత్తం సైకిళ్ల వల్లే వచ్చిందని నేను అనుకోను. ఎడమది అసలు పూర్తిగా నిండుతోందా అన్నది నా అనుమానం. బడ్ కింద బంగారు రంగులో చిన్న చుక్కలు ఉంటాయి, కేస్ గుంటలో వాటికి ఎదురుగా చిన్న పిన్నులు ఉంటాయి. ఆ రెండూ తాకితేనే ఛార్జింగ్. చెమట, చెవి గుమిలి, వీటికి తోడు బల్లార్షా, రాజూరా వైపు ఇళ్లల్లో కిటికీ తీస్తే చాలు వచ్చి పడే బొగ్గు దుమ్ము. వంట చేస్తూ పెట్టుకునే బడ్‌కు చెమట, నూనె ఆవిరి కూడా అంటుతాయి. ఆ పొర పేరుకుంటే బడ్ కేస్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది గానీ నిండదు. ఇంకా నష్టమేమిటంటే, తాను కేస్‌లో ఉన్నానని దానికి తెలియదు. ఫోన్‌తో కలిసే ఉండి రాత్రంతా ఉన్న ఛార్జ్ కూడా దించుకుంటుంది.

శుభ్రం చేయడం తేలిక. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. దూది పుల్ల చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క తడిపి, ఆ చుక్కల్నీ పిన్నుల్నీ మెల్లగా తుడవండి. మీ ల్యాబ్‌లో ఇది ఎలాగూ ఉంటుంది. పూర్తిగా ఆరాకే బడ్ లోపల పెట్టండి. చేతులకు రాసుకునే జెల్ శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ పొరలా మిగులుతుంది. సూదితో, పిన్నుతో గీకవద్దు, పైపూత పోతే తుప్పు పడుతుంది. నీళ్లు తగిలినా పాడవవని బడ్స్ గురించి రాసినా అది కేస్‌కు చాలావరకు వర్తించదు, కాబట్టి కేస్‌ను తడిగుడ్డతో కడిగినట్టు తుడవవద్దు.

తర్వాత ఒక చిన్న పరీక్ష చేయండి. రెండూ కేస్‌లో పెట్టి రెండు గంటలు వదిలేయండి. తీసి ఫోన్‌కు కలపండి, బ్లూటూత్ సెట్టింగ్స్‌లో గానీ కంపెనీ యాప్‌లో గానీ ఎడమ, కుడి శాతాలు వేరువేరుగా కనిపిస్తాయి. అక్కడ ఎడమది 100 కాకుండా 60, 70 చూపిస్తే తప్పు ఛార్జింగ్‌ది. పిన్ను కిందికి దిగిపోయి ఉండవచ్చు, మళ్లీ తుడిచి చూడండి. 100 చూపించి, నాయిస్ క్యాన్సిలేషన్ (బయటి మోతను తగ్గించే సదుపాయం) ఆపి, సగం వాల్యూమ్‌లో గంట విన్నాక ఒక్కసారిగా 30కో 20కో దూకి ఆగిపోతే బ్యాటరీయే అరిగిపోయింది. రెండో ఫలితం వస్తే ఎంత తుడిచినా లాభం లేదు. రీసెట్ చేస్తే బాగవుతుందని కొందరు చెప్తారు. ఫోన్‌తో సరిగా కలవకపోతే రీసెట్ పనిచేస్తుంది, అరిగిన బ్యాటరీకి మాత్రం దానివల్ల ప్రాణం రాదు.

రాత్రి చదువు గురించి ఒక మాట. మన ఇళ్లల్లో వేసవి రాత్రి అంటే కూలర్ మోత. ఆ మోత మీద పాఠం వినిపించాలని వాల్యూమ్ పైకి పెంచుతాం, బ్యాటరీ ఆ మేరకు తొందరగా దిగుతుంది. బడ్స్‌తో వచ్చిన రబ్బరు టిప్స్‌లో మీ చెవికి సరిగ్గా పట్టే సైజు వేసుకుంటే బయటి మోత చాలావరకు తగ్గి, తక్కువ వాల్యూమ్‌కే వినపడుతుంది. ఇది చెవికి కూడా కావాలి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. మీరు నెలల తరబడి చదవాల్సిన మనిషి, వినికిడి జాగ్రత్త.

ఇక డబ్బా మీది 40 గంటలు. అది ఒక్కసారి ఛార్జ్‌కు వచ్చేది కాదు. బడ్స్ ఆరు గంటలు, ఆ తర్వాత కేస్ వాటిని ఐదారుసార్లు నింపగలదన్న లెక్క కలిపి రాస్తారు. అదీ సగం వాల్యూమ్‌లో, నాయిస్ క్యాన్సిలేషన్ లేకుండా. నింపేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి కాగితం మీది లెక్క చేతికి పూర్తిగా రాదు. బడ్ బ్యాటరీ అరిగాక ఆ పెద్ద అంకె మీకు ఏ విధంగానూ ఉపయోగపడదు. మీకు కావలసింది మధ్యలో ఆగకుండా రెండు గంటలు.

బ్యాటరీ మార్చడం కుదరదన్న దుకాణదారు మాటలో సగం నిజముంది. బ్యాటరీలు దొరుకుతాయి. గుండ్రటివాటి మీద 1254 లాంటి నంబరు ఉంటుంది, 12 మిల్లీమీటర్ల వెడల్పు, 5.4 మందం అని దానర్థం. ఖరీదైన కొన్ని మోడల్స్‌లో చేయి తిరిగినవాళ్లు వాటిని మారుస్తారు కూడా. కానీ బడ్‌ను జిగురుతో అతికించి మూస్తారు. తెరిస్తే మూత పగలొచ్చు, చెమట ఆపే గుణం పోతుంది, తీగలు పొరపాటున కలిస్తే లోపల షార్ట్ అవుతుంది. రెండు వేల బడ్స్‌కు ఆ ఖర్చూ శ్రమా నేనైతే చేయించను. ఆ కంపెనీ ఎడమ బడ్ ఒక్కటే విడిగా అమ్ముతుందేమో యాప్‌లో గానీ సర్వీస్ సెంటర్‌లో గానీ అడగండి, కొన్ని కంపెనీలు అమ్ముతాయి. యూరప్‌లో 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీలు వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలి, కొన్ని మినహాయింపులతో. 2024లో ఫెయిర్‌ఫోన్ అనే కంపెనీ బ్యాటరీ తీసి మార్చుకునే బడ్స్ తెచ్చింది కూడా. చేయడం సాధ్యమేనని తెలిసిపోయింది కాబట్టి, ఏడాదిన్నరకే పారేసే వస్తువులు అమ్మడం నాకు బాధగానే ఉంది.

పేలుతాయన్న భయానికి వస్తే, బ్యాటరీ అరగడం వేరు, చెడిపోయి ఉబ్బడం వేరు. ఛార్జ్ త్వరగా దిగడం ప్రమాదానికి గుర్తు కాదు. బడ్ అతుకు విచ్చుకున్నా, కేస్ మూత సరిగా పడకపోయినా, ఊరికే ఉన్నప్పుడు వేడెక్కుతున్నా, తియ్యటి మందులాంటి వాసన వస్తున్నా మాత్రం ఆ క్షణం నుంచి వాడకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఇంటి బయట, అంటుకునే వస్తువులు లేని చోట, స్టీలు గిన్నెలోనో ఇసుక మీదో ఉంచండి. పిల్లలకు అందనివ్వకండి. మరో ముఖ్యమైన మాట: స్కూటీ నడిపేటప్పుడు బడ్స్ చెవిలో పెట్టుకోకండి. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద వెనక హారన్ వినపడాలి.

పరీక్షలో బ్యాటరీదే తప్పని తేలితే ఏం చేయాలి? నా సలహా మళ్లీ బడ్స్ కొనమని కాదు. ఇంట్లో కూర్చుని చదవడానికి వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. మీ ఫోన్‌కు గుండ్రటి రంధ్రం లేకపోతే టైప్‌-సి పిన్ను ఉన్నవి తీసుకోండి. వాటికి ఛార్జింగ్ అక్కర్లేదు, అరిగే బ్యాటరీ లేదు. వంట చేస్తూ మాట్లాడటానికి వైరు అడ్డమనిపిస్తే మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్ చూడండి. అందులో బడ్ కన్నా నాలుగైదు రెట్లు పెద్ద బ్యాటరీ ఉంటుంది, రెండు చెవులకూ అదొక్కటే కాబట్టి ఒక చెవి ముందు ఆగడం ఉండదు, 80 శాతం దగ్గర ఛార్జింగ్ తీసేయడం మీ చేతిలో ఉంటుంది. మీ వాడకానికి అదే సరిపోతుందని నా ఉద్దేశం.

బడ్సే కావాలనుకుంటే మొత్తం గంటలు వదిలేసి, నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్‌లో ఒక్క ఛార్జ్‌కు ఎన్ని గంటలో, ఒక్క బడ్ విడిగా దొరుకుతుందో లేదో, సర్వీస్ సెంటర్ చాందాలో ఉందో నాగపూర్ దాకా పోవాలో అడగండి. డబ్బా మీద భారత ప్రమాణాల సంస్థ గుర్తు, దానితో పాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కాగజ్‌నగర్‌లో కొన్నా మంచిర్యాలలో కొన్నా జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోండి. కొన్నది తెలంగాణలో, ఉండేది మహారాష్ట్రలో అని ఆగిపోయేవాళ్లు సరిహద్దున చాలామంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే చంద్రపూర్ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అంతకుముందు 1915కు ఫోన్ చేస్తే జాతీయ హెల్ప్‌లైన్ వాళ్లు కంపెనీతో మాట్లాడతారు. వారంటీ సాధారణంగా ఏడాదే కాబట్టి, తేడా కనిపించిన నెలలోనే కదలాలి.

పాత బడ్స్ చెత్తబుట్టలో వేయకండి, పాత సామాన్లవాడికీ ఇవ్వకండి. చెత్త నలిగేచోట లిథియం బ్యాటరీ చితికితే మంట లేస్తుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై 2022 నాటి నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, వాటి ప్రకారం పాతవాటిని సరైన చోటికి చేర్చే బాధ్యత తయారీదారులది. బంగారు చుక్కల మీద టేపు ముక్క అతికించి, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.